సెలవుల్లో పుస్తకాలు: కొనాలా, లైబ్రరీకి వెళ్ళాలా, ట్యాబ్ ఇవ్వాలా?

"బడికే వెళ్ళని పిల్లలకు మళ్ళీ వేసవి సెలవులేంటండీ?" అని నవ్వేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఇంట్లోనే చదువు చెప్పుకునేవాళ్ళకి తెలుసు, ఏప్రిల్ చివర బడులు మూశాక మన టైమ్‌టేబుల్ మన చేతిలో ఉండదని. అపార్ట్‌మెంట్ పిల్లలు పొద్దున్నే వచ్చి తలుపు కొడతారు. అమ్మమ్మ ఎప్పుడొస్తున్నారని ఫోన్ చేస్తుంది. మేనత్త పిల్లలు పెట్టెలతో దిగుతారు. అందుకే ఏప్రిల్ మొదటి నుంచే చదువు మెల్లగా తగ్గించుకుంటూ వస్తాం. ముందు లెక్కల వర్క్‌షీట్లు పోతాయి, తర్వాత డిక్టేషన్ పోతుంది, చివరికి కథల పుస్తకాలు మిగులుతాయి. ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాసే పిల్లలున్న ఇళ్ళ సంగతి వేరు. ఏప్రిల్, మే నెలల్లో వాళ్ళకి పరీక్షల టెన్షనే.

ఆ మిగిలిన పుస్తకాల గురించే ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతూ ఉంటారు. కొనిపెట్టాలా, లైబ్రరీలో చేర్పించాలా, ట్యాబ్‌లో ఉచితంగా దొరికేవి చాలవా? ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లల్ని మనసులో పెట్టుకుని నాకు తోచింది చెబుతాను.

కొనడంలో సుఖం ఉంది, కాదనను. నచ్చిన పుస్తకాన్ని పిల్లలు పదేపదే చదువుతారు, ఇంట్లో ఉంటేనే అది కుదురుతుంది. తెలుగులో పిల్లల పుస్తకాలు మరీ ఖరీదేం కాదు. సికింద్రాబాద్‌లో 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళవి, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళవి సన్నపాటి బొమ్మల కథలైతే ఒక పిజ్జా డబ్బులకి చిన్న కట్ట వస్తుంది. ఇంగ్లిష్ పుస్తకాలు కావాలంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ ఉండనే ఉంది. ఒక్కటే తిరకాసు: పుస్తకాల పండగలు ఎండాకాలంలో రావు. విజయవాడది జనవరిలో జరుగుతుంది, హైదరాబాద్‌దీ చలికాలంలోనే. అప్పుడే కొని బీరువాలో దాచి మేలో బయటికి తీసే తల్లులు నాకు తెలుసు. తెలివైన పనే.

అయితే కొనేటప్పుడు మనం కొనేది ఎవరికోసం? చందమామ పాత సంచికలు కనిపిస్తే చెయ్యి ఆగదు. చిన్నప్పుడు చదివిన రష్యన్ బొమ్మల కథలు మళ్ళీ అచ్చయ్యాయంటే ఒకటికి రెండు కొంటాం. ఇంటికి తెచ్చి పిల్లల ముందు పెట్టి వాళ్ళ మొహాల్లోకి చూస్తూ కూర్చుంటాం. వాళ్ళు రెండు పేజీలు తిప్పి క్రికెట్ ఆడటానికి పోతారు. మన బాల్యాన్ని వాళ్ళు ఎందుకు మొయ్యాలి?

నా దృష్టిలో అసలు తేడా ధరలో లేదు, కాగితమా తెరా అన్నదాంట్లోనూ లేదు. పుస్తకాన్ని ఎవరు ఎంచుకున్నారు అన్నదాంట్లో ఉంది. బడికెళ్ళే పిల్లాడికి టీచరు బళ్ళోనే ఉండిపోతుంది, సెలవుల్లో అమ్మ కథల పుస్తకం తెచ్చిస్తే వాడికది బహుమతి. మన పిల్లలకు అమ్మే టీచరు, నాన్నే ఇన్‌స్పెక్టరు. ఏడాది పొడుగునా మనం చేతికిచ్చిన ప్రతి పుస్తకం వెనకాలా ఒక ప్రశ్న వచ్చింది. కథలో ఏం జరిగింది, ఈ మాటకి అర్థమేంటి, నీ సొంత మాటల్లో చెప్పు. మే నెలలో ఎంత ముద్దుగా ఇచ్చినా, మన చేత్తో ఇచ్చిన పుస్తకానికి పాఠం వాసన ఒక పట్టాన వదలదు. మధ్యలో ఆపేశారంటే ఇంకో గొడవ. "డబ్బులు పెట్టి కొన్నాం, పూర్తి చెయ్యి" అని నోటితో అనకపోయినా మన మొహం అనేస్తుంది.

అందుకే నేను లైబ్రరీ వైపు మొగ్గుతాను. అక్కడ పుస్తకాల అర ముందు నిలబడేది పిల్లలు. నాలుగు తెచ్చుకుని రెండు చదవకుండానే తిరిగిచ్చేస్తే ఎవరి సొమ్మూ పోలేదు. పన్నెండేళ్ళ పిల్ల మరీ చిన్నపిల్లల బొమ్మల పుస్తకం తెచ్చుకున్నా, ఏడేళ్ళవాడు తనకి అర్థం కాని రైళ్ళ పుస్తకం మోసుకొచ్చినా నేను నోరు మెదపను. కార్డు పిల్లల పేరు మీదే తీసుకునే వీలుందేమో అడగండి. లేదంటే మీ పేరు మీద తీసుకుని వాళ్ళ చేతికిచ్చేయండి. గడువు తేదీ గుర్తుపెట్టుకోవడం కూడా వాళ్ళ పనే. మన ప్రభుత్వ గ్రంథాలయాల్లో కట్టాల్సింది చిన్న డిపాజిట్టే. ఆ మాటకొస్తే ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కింద రూపాయికి 8 పైసల లెక్కన మనం కడుతూనే ఉన్నాం. కట్టిన డబ్బుకి వెళ్ళి చూసేవాళ్ళెందరు?

వేళలు కూడా ఎండాకాలానికి అనుకూలమే. శాఖా గ్రంథాలయాలు చాలావరకు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తెరుస్తారు. టిఫిన్ తినగానే వెళ్ళొస్తే ఎండ ముదిరేలోపు ఇంట్లో ఉంటాం. వారపు సెలవు ఆదివారం అనుకోకండి, చాలాచోట్ల శుక్రవారం.

ఇక లోటుపాట్లు. చాలా శాఖల్లో పిల్లల విభాగమంటే ఒకే ఒక్క బీరువా, దానికీ తాళం. అడిగితే తీస్తారు, అడగాలి. కొత్త పుస్తకాలు తక్కువ, ఉన్నవాటికి అట్టలు ఊడిపోయి ఉంటాయి. కుర్చీలన్నీ గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివే అన్నయ్యలతో, అక్కయ్యలతో నిండిపోయి ఉంటాయి, పిల్లలు గట్టిగా ఊపిరి తీసుకున్నా తల తిప్పి చూస్తారు. 1914లోనే బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరుపుకుని, ఆ తర్వాత కృష్ణా కాలవల్లో పడవల మీద పుస్తకాలు తిప్పిన చరిత్ర మనది. ఆ బీరువా ముందు నిలబడితే అదంతా ఎక్కడికి పోయిందా అనిపిస్తుంది. అయినా బొత్తిగా పుస్తకాల్లేని శాఖ తక్కువే. జిల్లా కేంద్ర గ్రంథాలయమైతే ఇంకా నయం. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు చిక్కడపల్లి, అఫ్జల్‌గంజ్ లైబ్రరీలకు ఒక్కసారైనా తీసుకెళ్ళండి. అఫ్జల్‌గంజ్ భవనాన్ని చూడటమే ఒక ముచ్చట.

ట్యాబ్ విషయానికొస్తే, పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు బోలెడు, అన్నీ ఉచితం. ఒకటి నుంచి నాలుగు వరకు స్థాయిలు పెట్టారు కాబట్టి ఇప్పుడిప్పుడే గుణింతాలు కూడబలుక్కునే పిల్లలకీ ఏదో ఒకటి దొరుకుతుంది. ఎంచుకునేది పిల్లలే కదా, మీరు చెప్పిందే కదా అంటారేమో. నిజమే. కానీ తెర మీద ఎంచుకోవడమే ఒక ఆటైపోతుంది. అట్ట బొమ్మలు తిప్పుతూ, దేన్లోనూ రెండు పేజీలు దాటకుండా పావుగంట గడిచిపోతుంది. పక్కనే యూట్యూబ్ గుర్తు మెరుస్తుంటుంది. అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉంటూ చుట్టుపక్కల తెలుగు పుస్తకం దొరకనివాళ్ళకి మాత్రం ఇదే మొదటి దారి, నేను వంక పెట్టను. ఆ కథల్ని ప్రింట్ తీసుకోవచ్చు కూడా. నాలుగు ప్రింట్ తీసి కుట్టి ఇస్తే పిల్లల నడక మారుతుంది.

ఆడియో కథలు రైలు ప్రయాణానికి బాగుంటాయి. సెలవుల యాక్టివిటీ పుస్తకాలంటారా, అవి వర్క్‌షీట్లకు రంగులేసి అమ్మేవే.

దగ్గర్లో లైబ్రరీ లేకపోతే? మీలాగే ఇంట్లో చదివించే కుటుంబాలు మూడు నాలుగు కలిసి తలా ఒక అట్టపెట్టెడు పుస్తకాలు మార్చుకోండి. పక్కింటి పెట్టెలోంచి వచ్చిన పుస్తకం మీ ఇంట్లో పాఠం కాదు. ఒక షరతు మాత్రం అందరూ ఒప్పుకోవాలి, చిరిగితే అడగకూడదని.

కొనడం అసలే వద్దని కాదు. ఒకసారి తిరిగిచ్చిన పుస్తకాన్ని మళ్ళీ వెతుక్కుని తెచ్చుకుంటే దాని పేరు రాసి పెట్టుకోండి. జూన్‌లో బడులు తెరిచే వేళకి అలాంటివి రెండో మూడో తేలతాయి. అవి కొనండి, అట్ట కూడా వాళ్ళనే వేసుకోనివ్వండి.