ఎక్కేముందు ఆ తాడు ఉందో లేదో చూసుకోండి

నాలుగు రోజుల ట్రిప్పు. బస శుభ్రంగా ఉంది, మొదటి రోజు హాయిగా గడిచింది, దాని గురించి రాయడానికేమీ లేదు. ఇదంతా రాస్తున్నది రెండో రోజు మాకు కాటమరాన్ అద్దెకిచ్చిన పెద్దమనిషి కోసం.

తెరచాపతో నడిచే పడవ, పేరు హోబీ 16. రెండు సన్నటి హల్స్, అంటే దోనెల్లాంటివి, వాటి మధ్యలో కూర్చోడానికి బిగించి కట్టిన ట్రాంపోలిన్ గుడ్డ. పొడవు 5 మీటర్లు, వెడల్పు 2.4, బరువు 145 కిలోల దాకా. రెండు గంటలకు మాట్లాడుకున్నాం, అద్దెకు సమానంగా డిపాజిట్ కట్టించుకున్నాడు. "ఇంత వెడల్పు పడవ సార్, పడమన్నా పడదు" అంటూ లైఫ్ జాకెట్లు చేతిలో పెట్టి, పడవని నీళ్లలోకి తోసేశాడు. పాఠం అంతే.

నలభై నిమిషాలకి పడనే పడింది. మంచి వేగంలో ఉండగా గాలికి అవతలి వైపు హల్ మొన అలలో దిగబడింది. ముందు భాగం అక్కడే ఆగిపోయింది, వెనక భాగం లేచింది, మా బామ్మర్ది నా తల మీదుగా వెళ్లి నీళ్లలో పడ్డాడు.

మెయిన్‌షీట్ని, అంటే పెద్ద తెరచాపని లాగే తాడుని, దాన్ని బిగించి ఉంచే క్లీట్‌లోంచి వదలకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. తాడు బిగించి ఉంటే తెరచాప నీళ్లని పట్టుకునే ఉంటుంది, ఇక మాస్ట్ (తెరచాప స్తంభం) లేవదు. ఆ సంగతి నాకు చెప్పినవాళ్లు లేరు. సరే, నిలబెడదామని రైటింగ్ లైన్ (పడ్డ పడవని లేపే తాడు) కోసం మాస్ట్ మొదట్లో వెతికితే, తాడు ఉండాల్సిన చోట ఎండకి గట్టిపడిన రబ్బరు ముక్క, దానికో ముడి. అంతే. జిబ్ (ముందుండే చిన్న తెరచాప) తాడునే పై హల్ మీదుగా వేసి ఇద్దరం వెనక్కి వాలి లాగాం. మాస్ట్ కొస మోకాలెత్తు లేచి మళ్లీ చప్పున పడింది. మూడోసారి వాడికి ఓపిక పోయి ట్రాంపోలిన్ పట్టుకుని పైకి ఎక్కబోయాడు. ఆ బరువుకి మాస్ట్ మునిగి పడవ పూర్తిగా తలకిందులైంది.

కాటమరాన్ అన్న మాట కట్టుమరం నుంచే వచ్చింది. దుంగల తెప్ప తిరగబడినా తెప్పే. ఈ కొత్తరకం అలా కాదు, తలకిందులైతే అలా ఉండటమే దానికి సుఖం. అడుగున కీల్ అనే బరువైన రెక్క ఉన్న పడవ తనంతట తాను లేస్తుంది, దీనికి ఆ వరం లేదు.

ఒడ్డుకి ఈదుదామన్నాడు వాడు. వద్దురా, పడవనే పట్టుకో అన్నాను. దూరం నుంచి తల కనబడదు, బోర్లాపడ్డ హల్ కనబడుతుంది. యాభై నిమిషాలు దాని మీదే కూర్చున్నాం, వాడు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. చివరికి మోటారు బోటు వచ్చి లాక్కెళ్లింది. ఒడ్డున ఆ పెద్దమనిషి తెరచాప తడిమి, బాటెన్ (తెరచాపని బిగువుగా ఉంచే పట్టీ) ఒకటి విరిగిందని డిపాజిట్ మొత్తం ఉంచేసుకున్నాడు. తాడు సంగతి అడిగితే "గట్టిగా లాగాల్సింది సార్" అన్నాడు.

మూడో రోజు వేరే చోటుకి వెళ్లాం. అద్దె ఒకటిన్నర రెట్లు. నాకైతే చవకే అనిపించింది. నేర్పే ఆవిడ మొదట అడిగింది మా బరువులు. 66, 56. "చాలదండీ, ఇది లేవాలంటే 135 కిలోల దాకా కావాలి" అని ఒక సంచీ తెచ్చింది. అందులో నీళ్లు నింపి తాడుకి వేలాడదీసుకుంటే ఆ లోటు తీరుతుందట. తర్వాత లోతు నీళ్లలోకి తీసుకెళ్లి కావాలనే పడేయించింది.

తెరచాపల తాళ్లు రెండూ వదిలాం. కింది హల్ మొన దగ్గరికి జరిగి నిలబడమంది. మొన కాస్త మునిగి లంగరులా పట్టేసింది, వెనక భాగం గాలికి కొట్టుకుపోయి పడవ ముఖం గాలివైపు తిరిగింది. అప్పుడు తాడు పట్టుకుని, మోకాళ్లు చాపి, వీపు నీళ్లకి తగిలేదాకా వాలాం. పది సెకన్లు ఏమీ కాలేదు. వాడు నావైపు నిన్నటి చూపే చూశాడు. ఇంతలో తెరచాప అంచు నీళ్లలోంచి పొరలా ఊడింది, నీళ్లు ధారగా కారాయి, దాని కిందకి గాలి దూరింది. ఇక మా పనేమీ లేదు, మాస్ట్ దానంతటదే లేచింది. పై హల్ తల మీదకి దిగుతుంటే "పట్టుకోండి, క్రాస్‌బార్ పట్టుకోండి!" అని అరిచిందావిడ. వదిలేస్తే పడవ రెండో వైపుకి పడుతుంది, లేదా మనల్ని వదిలి వెళ్లిపోతుంది.

"బావా, మళ్లీ పడేద్దామా?" అన్నాడు మా వాడు. ఐదుసార్లు పడేయించాడు.

మీరు వెళితే డబ్బు కట్టకముందే ట్రాంపోలిన్ కింద చెయ్యిపెట్టి ఆ తాడుని ఒకసారి గట్టిగా లాగి చూడండి. మాస్ట్ కొసన ఫ్లోట్ ఉంటే ఇంకా మంచిది, తలకిందులు కానివ్వదు. ఒడ్డున పడవ తోసుకెళ్లేటప్పుడు పైన కరెంటు తీగలు చూసుకోండి, అల్యూమినియం మాస్ట్ ఎనిమిది మీటర్లు ఉంటుంది.

తిరుగు ప్రయాణం రోజు డిపాజిట్ కోసం మళ్లీ వెళ్లాను. విరిగిన బాటెన్ చూపించమంటే, పారేశాం అన్నాడు.