సొంత నేల కిందా, పొరుగువారి సముద్రం అడుగునా: బొగ్గుపులుసు వాయువును ఎక్కడ దాచడం మేలు?

సున్నపు బట్టీలో రాయిని కాల్చినప్పుడు సున్నం మిగిలి, ఆ రాయిలో ఇమిడి ఉన్న బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) గాలిలో కలిసిపోతుంది. సిమెంటు ఫ్యాక్టరీలో జరిగేదీ ప్రధానంగా ఇదే. అక్కడ వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 60 శాతం ఇంధనం నుంచి కాక సున్నపురాయి నుంచే వస్తుంది కాబట్టి, బొగ్గు పూర్తిగా మానేసినా ఆ వాయువు ఆగదు. పల్నాడు, సూర్యాపేట, తాండూరు ప్రాంతాల సిమెంటు పొగగొట్టాలను రోజూ చూసేవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. అలాంటి వాయువును పొగగొట్టం దగ్గరే పట్టి భూగర్భంలో దాచడం ఒక్కటే ప్రస్తుతానికి కనిపిస్తున్న దారి. అయితే ఎక్కడ దాచాలి? ఈ ప్రశ్నను ముప్పై ఏళ్లుగా ఎదుర్కొంటున్న ఉత్తర సముద్ర తీర దేశాలు మూడు రకాల జవాబులను ఆచరణలో పరీక్షించి చూశాయి.

మొదటిది సొంత నేల కిందే దాచుకోవడం. దూరం తక్కువ, ఖర్చు తక్కువ, ఇంకో దేశంతో ఒప్పందాల అవసరం లేదు. జర్మనీలో బెర్లిన్‌కు పడమరనున్న కెట్జిన్ వద్ద 2008 నుంచి 2013 వరకు సుమారు 67,000 టన్నుల వాయువును భూగర్భంలోకి పంపి పరిశోధకులు పరీక్షించారు. సాంకేతికంగా అది సాఫీగానే సాగింది. కాని నెదర్లాండ్స్‌లో రోటర్‌డామ్ పక్కనున్న బారెన్‌డ్రెక్ట్ పట్టణం కింద, గ్యాస్ తీసివేయగా ఖాళీ అయిన క్షేత్రాల్లో, దగ్గరలోని చమురు శుద్ధి కర్మాగారపు వాయువును నింపాలన్న షెల్ ప్రతిపాదనను స్థానికులు గట్టిగా వ్యతిరేకించడంతో, 2010లో ప్రభుత్వం దాన్ని విరమించుకుంది.

ఆ ప్రజలది అజ్ఞానమని కొట్టిపారేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ రెండు నెలలకు పైగా మండడం చూసిన కోనసీమ వాసులకు, తమ ఇళ్ల కింద ఏముందన్న దిగులు ఎలాంటిదో తెలుసు. అది మండే సహజవాయువు, ఇది మండని వాయువు అన్నది నిజమే. అయినా కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువైనది. ఒక్కసారిగా ఎక్కువగా బయటపడితే పల్లపు ప్రాంతాల్లో నిలిచి ఊపిరాడనివ్వదు. 2020లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో సటార్షియా అనే ఊరి దగ్గర ఈ వాయువును తీసుకెళ్లే పైపులైను పగిలినప్పుడు, ఊరివారిని ఖాళీ చేయించి పలువురిని ఆసుపత్రికి తరలించవలసి వచ్చింది.

రెండో దారి సొంత సముద్రం కింద దాచడం. దీనికి ఆద్యురాలు నార్వే. స్లైప్నర్ క్షేత్రంలో తవ్వితీసే గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉండడం, 1991లో ఆ దేశం సముద్రంలోని చమురు, గ్యాస్ ఉత్పత్తిపై కార్బన్ పన్ను వేయడం అనే రెండు కారణాలు కలిసి, 1996 నుంచి ఏటా పది లక్షల టన్నులకు కాస్త అటూ ఇటూగా ఆ వాయువును సముద్రగర్భపు ఇసుకరాతి పొరలోకి తిరిగి పంపేలా చేశాయి. రోటర్‌డామ్‌లోనూ బారెన్‌డ్రెక్ట్ అనుభవం తరువాత చూపు సముద్రం వైపు మళ్లింది. తీరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని ఖాళీ గ్యాస్ క్షేత్రాలకు ఏటా 25 లక్షల టన్నులు పైపులైనులో పంపే పోర్థోస్ పథకానికి 2023లో పెట్టుబడి నిర్ణయం జరిగింది. పెద్ద కర్మాగారాలన్నీ ఒకే రేవు చుట్టూ ఉన్నచోట ఇంతకన్నా సులువైన మార్గం లేదు.

మూడోది పొరుగు దేశపు సముద్రగర్భాన్ని పంచుకోవడం. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నార్వేలోని బ్రెవిక్ సిమెంటు ఫ్యాక్టరీలో, బట్టీ పొగను ఒక ప్రత్యేక ద్రావణం గుండా పంపితే అందులోని కార్బన్ డయాక్సైడ్ ద్రావణానికి అంటుకుంటుంది. ఆ ద్రావణాన్ని మళ్లీ వేడిచేస్తే వాయువు విడిపోతుంది. దానికి కావలసిన వేడిలో చాలా భాగం బట్టీలో వృథాగా పోయేదే. ఇలా ఏటా 4 లక్షల టన్నులు, అంటే ఆ ఫ్యాక్టరీ వదిలేదాంట్లో సుమారు సగం, పట్టవచ్చు. తరువాత వాయువును ద్రవంగా మార్చి, మైనస్ 26 డిగ్రీల చలిలో, వాతావరణ పీడనానికి దాదాపు 15 రెట్ల ఒత్తిడిలో, ఒక్కొక్కటి 7,500 ఘనపు మీటర్లు మోసే ఓడల్లోకి ఎక్కిస్తారు. ఓడ బెర్గెన్ సమీపంలోని ఓయ్‌గార్డెన్ చేరాక, ద్రవాన్ని తీరంలోని నిటారు ట్యాంకుల్లోకి దించి, సుమారు 100 కిలోమీటర్ల గొట్టం ద్వారా సముద్రంలోకి పంపి, సముద్రపు అడుగుకు 2,600 మీటర్ల లోతున ఉన్న ఇసుకరాతిలో నింపుతారు. నార్తర్న్ లైట్స్ పేరుతో ఈక్వినార్, షెల్, టోటల్ ఎనర్జీస్ సంస్థలు నడిపే ఈ నిల్వలోకి తొలిసారి వాయువు చేరింది 2025 ఆగస్టులో.

ఈ గొట్టం నార్వే కోసం మాత్రమే వేసింది కాదు. నెదర్లాండ్స్‌లోని స్లూయిస్కిల్ ఎరువుల ఫ్యాక్టరీ ఏటా 8 లక్షల టన్నులు, స్టాక్‌హోమ్‌లోని జీవ ఇంధనపు విద్యుత్ కేంద్రం 9 లక్షల టన్నుల వరకు అక్కడికి పంపడానికి ఒప్పందం చేసుకున్నాయి. సొంత సముద్రం, సొంత పోర్థోస్ ఉన్న నెదర్లాండ్స్ నుంచే ఒక ఫ్యాక్టరీ నార్వేకు పంపడం గమనించదగ్గ విషయం. ఓడకు దారి మార్చుకునే వీలుంది, గొట్టానికి లేదు. చిన్న చిన్న కర్మాగారాలు దూరదూరంగా ఉన్నప్పుడు, ఒక్కొక్కటి సొంత నిల్వను వెదుక్కోవడం కంటే ఒకే నిల్వను పదిమంది వాడుకోవడం తెలివైన పని.

అయితే సరిహద్దు దాటించడానికి చట్టం ఒప్పుకోవాలి. వ్యర్థాలను సముద్రంలో పారవేయడానికి వేరే దేశానికి పంపరాదని, సముద్ర కాలుష్యాన్ని అరికట్టే అంతర్జాతీయ ఒప్పందమైన లండన్ ప్రోటోకాల్ నిషేధించింది. 2009లో కార్బన్ డయాక్సైడ్ కోసం సవరణ చేశారు గాని, అది అమలులోకి రావడానికి చాలినన్ని దేశాలు ఆమోదించలేదు. పదేళ్లు అలాగే గడిచాక, 2019లో నార్వే, నెదర్లాండ్స్ చొరవతో ఆ సవరణను తాత్కాలికంగా అమలు చేసుకునే వెసులుబాటు వచ్చింది. దాని ఆధారంగా బెల్జియం, డెన్మార్క్ ఒప్పందం చేసుకోగా, 2023 మార్చిలో ఆంట్‌వెర్ప్ వాయువు డెన్మార్క్ సముద్రంలోని పాత చమురు క్షేత్రంలోకి చేరింది.

నా దృష్టిలో మూడో దారికి అసలు పరీక్ష ఖర్చు, బాధ్యత. నార్వే తొలిదశ ఖర్చులో దాదాపు మూడింట రెండు వంతులు ప్రభుత్వమే భరించింది. ఆ స్థాయి సాయం అన్ని దేశాలూ చేయలేవు. ఓస్లోలో చెత్తను కాల్చే కేంద్రంలో ఇదే పని ఖర్చు పెరిగి 2023లో ఆగి, 2025లో గాని తిరిగి మొదలు కాలేదు. భూగర్భం కూడా లెక్క ప్రకారమే నడవదు. నార్వేకే చెందిన స్నోవిట్ గ్యాస్ క్షేత్రంలో పొర అనుకున్నంత వాయువును ఇముడ్చుకోలేక పీడనం పెరగడంతో, 2011లో వేరే పొరకు మారవలసి వచ్చింది. అలాంటప్పుడు పంపిన దేశపు వాయువు ఎటు పోవాలి, దశాబ్దాల తరువాత లీకైతే ఎవరు జవాబుదారీ అన్నవి ముందే రాసుకోవాలి. ఐరోపా సమాఖ్య చట్టం ప్రకారం నిల్వను మూసేసి, వాయువు స్థిరపడిందని తేలాక, మామూలుగా కనీసం 20 ఏళ్లకు, బాధ్యత నిల్వ ఉన్న దేశ ప్రభుత్వానికి బదిలీ అవుతుంది. నార్వే సమాఖ్యలో సభ్యురాలు కాకపోయినా ఈ చట్టాన్నీ, వాయువును వదిలే అనుమతులను కొని అమ్మే కార్బన్ మార్కెట్‌నూ పాటిస్తున్నందున అక్కడ దాచిన టన్ను గాలిలోకి వదలనిదిగా లెక్కలోకి వస్తుంది.

కాబట్టి నా తీర్పు ఇది. ఒకే రేవు చుట్టూ గుంపుగా ఉన్న పెద్ద కర్మాగారాలకు సొంత సముద్రం, పైపులైను మేలు. విడివిడిగా ఉన్న సిమెంటు, ఎరువుల ఫ్యాక్టరీలకూ, చెత్తను కాల్చే కేంద్రాలకూ ఓడ, పొరుగువారి నిల్వ మేలు. ఊరి కింద నిల్వను చివరి ఎంపికగానే ఉంచాలి. సముద్రతీరం లేని దేశానికి అది తప్పకపోవచ్చు, కాని అక్కడి ప్రజలను పథకం గీయకముందే అడగాలి. ఇంకో మాట: బొగ్గు విద్యుత్ కేంద్రానికి సూర్యరశ్మి, గాలి ప్రత్యామ్నాయంగా ఉన్నాయి. నార్తర్న్ లైట్స్ తొలిదశ సామర్థ్యం ఏటా 15 లక్షల టన్నులు మాత్రమే, విస్తరించాక కూడా 50 లక్షల టన్నులకు పైచిలుకే. ఆ చోటును ముందుగా ఇవ్వవలసింది రాయిని కాల్చక తప్పని సిమెంటు బట్టీకి.