వంగే కర్రతో మూడేళ్లు: నా స్వింగ్‌లో బిగువు ఎలా తగ్గిందంటే

గోల్ఫ్ స్వింగ్‌లో టెంపో, అంటే ఊపు లయ, కుదరడానికి వాడే వంగే కర్ర ఒకటి మూడేళ్లుగా నా దగ్గర ఉంది. బాగా వంగే షాఫ్ట్ (కాడ), ఒక చివర బరువైన బంతి, పట్టుకునే చివర దానికి సరితూగే చిన్న బరువు. వస్తువు ఇంతే. వారానికి నాలుగైదు రోజులు, పదేసి నిమిషాలు వాడుతున్నాను.

నా ఇబ్బంది బిగువు. టీ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) మీద బంతి కనబడగానే గుప్పిళ్లు బిగిసేవి, వాటితోపాటే మోచేతులు, భుజాలూ. డ్రైవర్‌తో, అంటే దూరం కొట్టే పొడవాటి గోల్ఫ్ క్లబ్‌తో, ఎంత బలంగా కొడితే బంతి అంతగా కుడివైపుకి వంకర తిరిగేది.

ఈ కర్రతో బలం చెల్లదు. పైకెత్తాక చేతులతో కిందికి లాగామా, షాఫ్ట్ వంగిపోయి చివరి బంతి వెనకబడుతుంది, సగం దారిలో గిలగిల్లాడుతుంది. ఆ కుదుపు మణికట్టుకి వెంటనే తెలుస్తుంది. చివరి బరువు ఇంకా వెనక్కి వెళ్తుండగానే ఒంటి బరువు ఎడమ పాదం మీదికి వచ్చి, నడుము ముందు తిరిగితే మాత్రం కర్ర సాఫీగా వెంట వస్తుంది. చేతులు వదులుగా ఉంచమని నాకు చాలామంది చెప్పారు. ఎంత వదులుగానో ఈ కర్ర పట్టుకున్నాకే అర్థమైంది.

చప్పుడు కూడా వినాలి. మొదటి నెలల్లో ‘సుయ్’మనే శబ్దం నా కుడి చెవి పక్కనే వినిపించేది. అంటే వేగమంతా పైనే ఖర్చయిపోతోంది. ఇప్పుడది బంతి ఉండే చోటు దగ్గర, ఒక్కోసారి అది దాటాక వినిపిస్తోంది.

రిలాక్స్ అంటే నెమ్మది అని నేను చాలాకాలం పొరబడ్డాను. మంచి ఆటగాళ్ల వీడియోల్లో ఫ్రేములు లెక్కపెడితే బ్యాక్‌స్వింగ్‌కి (పైకెత్తడానికి) పట్టే సమయం డౌన్‌స్వింగ్‌కి (బంతి దాకా దించడానికి) పట్టేదానికి దాదాపు 3 రెట్లు ఉంటుంది. సెకనుకి 30 ఫ్రేముల వీడియోలో 24, 8 అన్నమాట. ఫోన్‌లో తీసి చూసుకుంటే నాది 18, 9. పైకెత్తడంలో తొందర, దించడంలో ఆలస్యం! 1994, 1997 యూఎస్ ఓపెన్లు గెలిచిన ఎర్నీ ఎల్స్‌ని ‘బిగ్ ఈజీ’ అంటారు. చూడ్డానికి తీరిగ్గా ఊపినట్టే ఉంటుంది, క్లబ్‌హెడ్ మాత్రం మెరుపులా వెళ్తుంది. ఆర్నెల్లకి నా లెక్క 24, 8కి దగ్గరికొచ్చింది.

ఇది చేయలేనివీ ఉన్నాయి. స్లైస్, అంటే బంతి అలా కుడివైపుకి వంకర తిరగడం, తగ్గింది కానీ పోలేదు. క్లబ్ ముఖం (బంతికి తగిలే వైపు) కుడివైపుకి తెరుచుకుంటే దాన్ని ఈ కర్ర సరిచేయదు. నా గ్లవ్ ఎప్పుడూ అరచేతి కింది భాగంలో, మణికట్టు దగ్గరే చిరిగేది. క్లబ్‌ని వేళ్లలో కాక అరచేతిలో పట్టుకోవడంతో అది జారి అక్కడ ఒరుసుకుంటోందని తర్వాత తెలిసింది. వేళ్లలోకి మార్చుకున్నాక గట్టిగా నొక్కాల్సిన అవసరమే పోయింది. మిగిలిన స్లైస్ చాలావరకు దాంతోనే పోయింది.

ఎదురుగా బంతి పెట్టగానే పాత టెన్షన్ మళ్లీ వచ్చేది. మూడుసార్లు కర్ర ఊపి, వెంటనే సెవెన్ ఐరన్‌తో (మధ్యరకం దూరాలకి వాడే క్లబ్) ఒక బంతి కొట్టడం మొదలుపెట్టాకే కర్రలోని వదులు క్లబ్‌లోకి వచ్చింది. దానికి రెండు నెలలు పట్టింది. దూరం పెద్దగా పెరగలేదు, కొన్ని గజాలే. అయితే ఇప్పుడు పది బంతుల్లో ఏడు అనుకున్న వైపుకే వెళ్తున్నాయి. నాకు అదే కావాలి.

కొనేవాళ్లకి రెండు జాగ్రత్తలు. మొదటి వారం ఉత్సాహంగా రోజుకి వందసార్లు ఊపితే నడుం పట్టేసింది. పది పదిహేనుతో మొదలుపెట్టండి. రౌండ్ మొదలయ్యాక దీంతో ప్రాక్టీస్ స్వింగ్ చేయకూడదు. గోల్ఫ్ రూల్ 4.3 ప్రకారం స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కపెట్టే పోటీలో) 2 స్ట్రోకుల పెనాల్టీ, రెండోసారి చేస్తే డిస్‌క్వాలిఫికేషన్. నేను రౌండ్‌కి ముందు ఇరవైసార్లు ఊపి, కారులోనే పెట్టేసి వెళ్తాను.

రెండో ఏడాదికే ఈ కర్ర గ్రిప్ (పట్టుకునే చోటి తొడుగు) రబ్బరు గట్టిపడి జారడం మొదలైంది. జారేకొద్దీ చేతులు మళ్లీ బిగుస్తున్నాయని గమనించి, ఆ వారమే కొత్త గ్రిప్ వేయించాను.