ప్రపంచ బ్యాంకు డేటా సైటు: ఇంటర్నెట్ లెక్కలకు పనికొస్తుందా?

హైదరాబాద్ కోచింగ్ సెంటర్ల అడ్డా అశోక్‌నగర్‌లో దొరికే జిరాక్స్ నోట్సులో ఏ ఏడాదివో తేలని అంకెలు బట్టీపట్టే బదులు, గ్రూప్స్‌కి చదివేవాళ్లు నేరుగా ఈ సైటుకే వెళ్లడం మేలు. ఉచితం, లాగిన్ గొడవ లేదు.

'ఇండివిజువల్స్ యూజింగ్ ది ఇంటర్నెట్' అని వెతికి సీఎస్‌వీ (ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైలు రకం) నొక్కితే జిప్ దిగుతుంది, లోపల మూడు ఫైళ్లు. అంకెలున్న అసలు ఫైల్లో పట్టిక 5వ వరుసలో మొదలవుతుంది. పైవి తీసేయకపోతే ఎక్సెల్‌లో పివట్ టేబుల్ (అంకెల్ని గుంపులుగా కూడి చూపే పట్టిక) మొరాయిస్తుంది. ఖాళీ గడి అంటే ఆ ఏడాది లెక్క లేదని, సున్నా అని కాదు. గత మూడు నెలల్లో ఒక్కసారి నెట్ వాడినా వాడకందారే. (రోజూ రీల్స్ చూసేవాళ్లూ, వీళ్లూ ఒకటే!)

చిక్కంతా ప్రాంతాల దగ్గరే. ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ 2024 అంచనాలో నెట్ వాడేవాళ్లు ఐరోపాలో 91 శాతం, ఆఫ్రికాలో 38 శాతం. ఆ ఆఫ్రికాలో ఈజిప్టు ఉండదు, అరబ్ దేశాల గుంపులో ఉంటుంది. ప్రపంచ బ్యాంకు గుంపులు మళ్లీ వేరు. పైగా 2025 జులైలో పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లను దక్షిణాసియా నుంచి తప్పించింది. పాత ఫైలుకు కొత్తది అతికించి గ్రాఫ్ గీస్తే, నెట్ వాడకం మారకపోయినా దక్షిణాసియా గీత కదులుతుంది.

ఫోన్‌లో గ్రాఫులు చూడటం మాత్రం చిరాకే.