మెడ ధమని ఉబ్బితే కోతా, స్టెంటా?

మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనికి చిల్లిపడి, బయటికొచ్చిన రక్తం పక్క కండలోనే సంచి కట్టి నిలిస్తే దాన్ని సూడోఎన్యూరిజం అంటారు. హైవే యాక్సిడెంట్, కత్తిపోటు, రేడియేషన్, ఇన్‌ఫెక్షన్, ఏదైనా కారణం కావచ్చు. కనిగిరి వైపు నుంచి ఒంగోలుకో నెల్లూరుకో డయాలసిస్‌కి వచ్చేవాళ్లకు మెడలో గొట్టం వేసేటప్పుడు, సూది పక్కనున్న ధమనికి తగిలినా రావచ్చు. అరుదే. కానీ వేలు పెడితే నాడిలా కొట్టుకునే వాపును సెగగడ్డ అనుకుని ఎవరిచేతా కోయించకండి. పగిలితే ప్రాణాల మీదికొస్తుంది. లోపల గడ్డకట్టిన రక్తం తునక మెదడుకు పోతే పక్షవాతం.

పాత పద్ధతిలో మెడ కోసి, ధమనిని పైనా కిందా బిగించి, చిల్లి కుడతారు. కుదరకపోతే కాలి సిర ముక్క తెచ్చి అతుకుతారు. రిపేరు గట్టిదే. అయితే నాలుకను, గొంతును ఆడించే నరాలు అక్కడే ఉంటాయి. వాటికి దెబ్బ తగిలితే గొంతు బొంగురుపోతుంది, ముద్ద మింగడం కష్టమవుతుంది. రేడియేషన్ తీసుకున్న మెడైతే లోపలంతా బిగుసుకుపోయి సర్జన్‌కే చెమటలు పడతాయి.

స్టెంట్ పద్ధతిలో గజ్జల్లోని ధమని గుండా సన్నని తీగ పంపి, పైపొర తొడిగిన సన్నని లోహపు జాలీ గొట్టాన్ని, అంటే కవర్డ్ స్టెంట్‌ను, చిల్లికి అడ్డంగా విప్పుతారు. ఇక సంచిలోకి రక్తం పోదు, ఉన్నది గడ్డకట్టి మెల్లగా ముడుచుకుంటుంది. మెడ మీద కోత ఉండదు, నరాల భయమూ తక్కువే. తీగ కదలికకు తునకలు మెదడుకు పోయే ప్రమాదం మాత్రం ఇందులోనూ కొంత ఉంది. ముఖం వైపు పోయే చిన్న కొమ్మకు చిల్లిపడితే స్టెంట్ కూడా అక్కర్లేదు, కాయిల్స్‌తో, అంటే సన్నని లోహపు తీగచుట్టలతో, మూసేస్తారు. తొడ దగ్గర ఇలాంటి సంచికి బాగా పనిచేసే, రక్తాన్ని గడ్డకట్టించే థ్రాంబిన్ ఇంజెక్షన్ మెడలో అంత తేలిక కాదు. మందు జారితే పోయేది మెదడుకే.

నా ఓటు స్టెంట్‌కే, చీము లేనప్పుడు. ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చిన సంచిలో స్టెంట్ పెడితే అదీ చీము పట్టొచ్చు. అక్కడ సాధారణంగా కోతే మేలు. రక్తం ఆగనప్పుడు ముందు స్టెంట్‌తో గండం గట్టెక్కించి, తర్వాత ఆపరేషన్ చేయడమూ ఉంది. స్టెంట్ వేశాక, రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు కొన్ని నెలలు కలిపి వేసుకోవాలి. సంక్రాంతికి ఊరెళ్లి మాత్రలు మరిచిపోయామంటే స్టెంట్ మూసుకుపోవచ్చు. క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్లు, అంటే కిడ్నీలు సరిగా పనిచేయనివాళ్లు, ధమని ఎక్స్‌రేలో కనిపించడానికి ఎక్కించే కాంట్రాస్ట్ మందు సంగతి డాక్టరుతో ముందే మాట్లాడాలి.

గుండె స్టెంట్లు వేసే క్యాథ్‌ల్యాబ్ ఉంటే చాలదు. మెడ ధమనిలో స్టెంట్ వేసిన అనుభవం ఉందా, సరిపడే సైజు కవర్డ్ స్టెంట్ చేతిలో ఉందా అని అడగండి. లేదంటే, వాపు పెరగకుండా నిలకడగా ఉన్నప్పుడే చెన్నైకి కదలండి.