గ్నూప్లాట్ ప్యాకేజీ: అన్నీ కలిపి ఒకటా, రెండుగా విడగొట్టాలా?

గ్నూప్లాట్ అంటే గ్రాఫులు గీసే ప్రోగ్రాం. లైనక్స్ డిస్ట్రోలో దాన్ని అన్నీ కలిపి ఒకే ప్యాకేజీలో పెడితే ప్యాకేజీ కట్టేవాళ్లకు పని తక్కువ: ఒకే బిల్డ్. కానీ స్క్రీనే లేని సర్వర్‌లో పీఎన్‌జీ బొమ్మ గీయడానికి కూడా విండోలు చూపే క్యూటీ లైబ్రరీలన్నీ దిగుతాయి. అది అన్యాయం.

విడగొడితే ఒకే సోర్సును రెండు వేర్వేరు డైరెక్టరీల్లో రెండుసార్లు కన్ఫిగర్ చేయాలి. మొదటిదాంట్లో (స్క్రీన్ లేని సర్వర్లకు) క్యూటీ, ఎక్స్11, డబ్ల్యూఎక్స్ అనే విండో లైబ్రరీలు మూడూ ఆపాలి. బొమ్మలు, అక్షరాలు గీసే కైరో, పాంగో లైబ్రరీలు మాత్రం ఉంచాలి, లేకపోతే పీఎన్‌జీకైరో, పీడీఎఫ్‌కైరో టెర్మినళ్లు (గ్నూప్లాట్ భాషలో, బొమ్మను ఫైలుగా రాసే పద్ధతులు) ఉండవు. డెబియన్ ఈ దారినే నడుస్తోంది: నాక్స్ (విండోలు లేనిది), ఎక్స్11, క్యూటీ వేరువేరు ప్యాకేజీలు, గ్నూప్లాట్ అని పిలిస్తే వాటిలో ఏది పలకాలో ఆల్టర్నేటివ్స్ అనే ఏర్పాటు చూసుకుంటుంది.

ఎక్కువగా చెడేది ఇక్కడే: క్యూటీ విండోను తెరిచేది గ్నూప్లాట్ కాదు, గ్నూప్లాట్_క్యూటీ అనే వేరే ప్రోగ్రాం. దాని చోటు బిల్డ్ సమయంలోనే బైనరీలో ముద్రపడుతుంది. తర్వాత ఫైలును వేరే డైరెక్టరీకి జరిపితే ప్లాట్ అనగానే అది దొరకలేదన్న ఎర్రర్ వస్తుంది, విండో రాదు. ఫైలు జరపకండి, కన్ఫిగర్‌లోనే సరైన లిబ్‌ఎక్సెక్ (ఇలాంటి సహాయక ప్రోగ్రాంలు ఉండే డైరెక్టరీ) దారి ఇవ్వండి.

నాక్స్‌ను ఫాంట్లేవీ లేని శుభ్రమైన కంటైనర్‌లో పరీక్షించండి. అక్షాల మీద అంకెలకు బదులు డబ్బాలు కనిపిస్తే ఒక ఫాంట్ ప్యాకేజీని సిఫార్సుగా చేర్చాలి.

ఏ దారైనా, టైప్ చేసే కమాండ్ లైనును దిద్దుకోనిచ్చే గ్నూ రీడ్‌లైన్ లైబ్రరీతో లింక్ చేయొద్దు. దాని లైసెన్స్ జీపీఎల్, మార్పులను ప్యాచ్‌లుగానే పంచాలనే గ్నూప్లాట్ లైసెన్స్‌కూ దానికీ పొసగదు. గ్నూప్లాట్ లోపలున్న సొంత రీడ్‌లైన్ చాలు.

సర్వర్లు వాడేవాళ్లు ఉన్న డిస్ట్రోకైతే విడగొట్టడమే సరి.