మెడికేర్ హాస్పిస్: ఖర్చు వాళ్లది, చాకిరీ మనది

మా అత్తగారికి మెడికేర్ (అమెరికాలో 65 దాటినవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) కింద ఇంట్లోనే హాస్పిస్, అంటే నయం కాని జబ్బుకి చివరి రోజుల్లో బాధ తగ్గించే సేవ, ఏడాది పైగా నడిచింది. మేముండేది డాలస్ వైపు. ఆవిడకి డిమెన్షియా బాగా ముదిరింది, దానికి తోడు గుండె బలహీనం. అమ్మానాన్నల్ని గ్రీన్ కార్డు మీద తెచ్చుకున్నవాళ్లు తెగ అడుగుతున్నారని రాస్తున్నా.

ముందు డబ్బు సంగతి. హాస్పిస్ వచ్చేది మెడికేర్‌లో పార్ట్ ఎ అనే ఆసుపత్రి బీమా భాగంలో. మన పెద్దవాళ్లు ఇక్కడ ఉద్యోగం చేసి ఉండరు కాబట్టి అది ఊరికే రాదు. 65 దాటి, గ్రీన్ కార్డుతో వరసగా ఐదేళ్లు ఇక్కడే ఉంటే నెలనెలా ప్రీమియం కట్టి కొనుక్కోవచ్చు, పార్ట్ బి (డాక్టర్ల ఖర్చుల భాగం) కూడా తీసుకోవాలి. 2025లో పార్ట్ ఎ పూర్తి ప్రీమియం నెలకి 518 డాలర్లు, పార్ట్ బి 185 ఉండేవి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి ఇవేవీ వర్తించవు. నెలకి అంతా అని మేమూ గొణుక్కున్నాం గానీ, హాస్పిస్ మొదలయ్యాక నర్సుకీ, ఆసుపత్రి మంచానికీ, ఆక్సిజన్‌కీ, డైపర్లకీ మా చేతి నుంచి ఒక్క డాలరు పోలేదు. నొప్పికీ ఆయాసానికీ ఇచ్చే మందులకి ఒక్కోదానికి 5 డాలర్ల దాకా తీసుకోవచ్చని రూలుంది, మా హాస్పిస్ వాళ్లు అదీ అడగలేదు.

చేరాలంటే జబ్బు ఇలాగే సాగితే ఆరు నెలలకి మించి బతకరని డాక్టర్లు రాసివ్వాలి, ఆ జబ్బు నయం చేసే వైద్యం ఇక వద్దని మనం సంతకం పెట్టాలి. ఆ కాగితం దగ్గరే మా ఆయన ఆగిపోయారు. ఊరి నుంచి బంధువుల ఫోన్లు, "అప్పుడే ఆశ వదిలేసుకున్నారా" అంటూ! నిజానికి ఎప్పుడు కావాలంటే అప్పుడు మానుకుని మామూలు వైద్యానికి వెళ్లిపోవచ్చు. జబ్బుతో సంబంధం లేనివాటికి, అంటే కాలు విరిగిందనుకోండి, మామూలు మెడికేర్ ఎలాగూ ఉంటుంది.

ఆరు నెలలు దాటితే తీసేస్తారని చాలామంది భయం. అలా ఏం లేదు, మొదట 90 రోజులు రెండు సార్లు, తర్వాత 60 రోజుల చొప్పున ఎన్నిసార్లయినా పొడిగిస్తారు. కాకపోతే మూడోసారి నుంచి ప్రతిసారీ ముందుగా డాక్టరో నర్స్ ప్రాక్టీషనరో (పై చదువు చదివిన నర్సు) ముఖాముఖి చూడాలి. అసలు టెన్షన్ అక్కడుంది. టేపు పెట్టి చెయ్యి చుట్టుకొలత తీసేవాళ్లు, ఎంత తింటోంది, ఎన్ని మాటలు మాట్లాడుతోంది అని రాసుకునేవాళ్లు. ఆవిడ పెరుగన్నం రెండు ముద్దలు ఎక్కువ తింటే మాకు సంతోషం, మర్నాడు ఫైల్లో "నిలకడగా ఉంది" అని రాస్తారేమోనని గుబులు. నిలకడగా ఉంటే డిశ్చార్జి చేసేయొచ్చు, అప్పుడు మంచంతో సహా అన్నీ పట్టుకుపోతారు. చేసేముందు నోటీసు ఇవ్వాలి, దాని మీద వెంటనే అప్పీలు చేసుకోవచ్చు, ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక చాకిరీ. నర్సు వారానికోసారి, స్నానం చేయించే అమ్మాయి రెండు మూడు సార్లు, అదీ గంటలోపు. మిగతా వేళంతా పక్కన ఉండాల్సింది మనమే, పక్కమీద తిప్పడం, తినిపించడం, రాత్రి నాలుక కింద మార్ఫిన్ చుక్కలు వేయడం దాకా. మనిషిని పెట్టుకుంటే ఆ జీతం మన జేబులోంచే. నర్సింగ్ హోంలో పెట్టినా గది, భోజనం ఖర్చు మెడికేర్ ఇవ్వదు. చేరేటప్పుడు వచ్చే మనిషి ఇది గట్టిగా చెప్పరు, వాళ్లిచ్చే పుస్తకంలో మాత్రం ఉంటుంది.

ఇంట్లోవాళ్లకి కాస్త ఊపిరి తీసుకోవడానికి రెస్పైట్ అని ఒకసారికి ఐదు రోజుల దాకా పేషెంటుని నర్సింగ్ హోంలోనో ఆసుపత్రిలోనో ఉంచుకుంటారు, అందులో మన వంతు 5 శాతం. మేము వాడాం. అక్కడ తెలుగు వచ్చినవాళ్లు లేరు, తిండి ఆవిడకి సయించలేదు, రోజూ క్యారేజీ పట్టుకెళ్లాం. విశ్రాంతి అంటే అదీ! హాస్పిస్ తరఫున ధైర్యం చెప్పడానికి వచ్చే చాప్లిన్ (మత గురువు) మాత్రం మంచాయన, మా విష్ణు సహస్రనామం అయ్యేదాకా కదలకుండా కూర్చునేవాడు.

ఆవిడ పోయిన రాత్రి నర్సు వచ్చి మిగిలిన మార్ఫిన్ మా ముందే పారేసి, ఫ్యునరల్ హోంకి తనే ఫోన్ చేసింది. తర్వాత ఏడాది దాకా మా ఆయనకి కౌన్సెలింగ్ ఫోన్లు వచ్చాయి, అదీ ఇందులో భాగమే.

హాస్పిస్ నడిపే కంపెనీ ఎంపికే అన్నిటికన్నా ముఖ్యం, మెడికేర్ అందరికీ ఒకటే గానీ నర్సులు ఒకటి కాదు. మా మొదటి కంపెనీకి అర్ధరాత్రి ఆయాసం వచ్చిందని ఫోన్ చేస్తే ఎవరో మెసేజ్ తీసుకున్నారు, నర్సు వచ్చేసరికి తెల్లారింది. అంబులెన్సు కోసం 911కి చేద్దామంటే, హాస్పిస్‌తో చెప్పకుండా ఆసుపత్రికి వెళ్తే ఆ బిల్లు మన మీదే పడొచ్చు. ఆ 90, 60 రోజుల గడువుల్లో ఒక్కోదానిలో ఒకసారి కంపెనీ మార్చుకునే హక్కుంది, మార్చేశాం. కాబట్టి సంతకానికి ముందే అడగండి: రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తేది నర్సేనా, మా ఇంటికి రావడానికి ఎంతసేపు పడుతుంది, శని ఆదివారాలు ఎంతమంది డ్యూటీలో ఉంటారు. నీళ్లు నమిలితే ఇంకో కంపెనీని పిలవండి.